కొమురమ్మకు ఇంకా అదే రోజు

మొదటి పడక తర్వాత

డాక్టర్ నసీమా రాయమంది కాబట్టి రాస్తున్నాను. నా భార్య కొమురమ్మ ఏం తింది, ఎక్కడ తూలింది, ఏం మాట్లాడింది, అన్నీ రాసి చూపించాలట. నా రాత కోడి కెలికినట్టు ఉంటుందని మా అమ్మాయి నవనీత వెక్కిరించేది. వెక్కిరించేది అని రాశాను, తప్పు. వెక్కిరిస్తుంది. చదవలేక తిప్పలు పడటం ఇక డాక్టరమ్మ వంతు.

పని ఎక్కే ముందు ఇంటి మీద గోనె సంచులు తడిపి పరిచాను. పై అద్దం ఒకటి తిప్పినట్టున్నారు, ఎండ సూటిగా వాకిట్లోకి కొడుతోంది. తాతల కాలంలో, వరి ఒక్క గంట కూడా ఆగకుండా పెరగాలని ఆ అద్దాలను ఆకాశంలో వేలాడదీశారు. వరి పెరుగుతూనే ఉంది. మనుషులు నిద్రపోయే చోటే లేకుండా పోయింది. తలుపులు బిగించి చీకటి చేసుకుందామంటే ఇల్లు కుంపటి అవుతుంది, ఒళ్లు చల్లబడనిదే నిద్ర రాదు. అందుకే ఊరంతా వంతులవారీగా పాత బొగ్గుబాయిలోకి దిగి సొరంగాల్లో పడుకుంటుంది. నేను అక్కడ లేపరిని. వంతు అయిపోయినవాళ్ల బొటనవేలు పట్టుకొని లేపడం నా పని. నేను తప్ప మరొకరు నిద్రలో ఉన్న మనిషిని లేపకూడదు. తల్లి బిడ్డను లేపాలన్నా నాకే కబురు పెట్టాలి.

రాత్రి అనేది లేదు కాబట్టి మా దగ్గర ఎవరి రోజు వాళ్లదే. పడుకొని లేస్తే రోజు మారినట్టు. నాకు ఒక పడక అయింది. కొమురమ్మకు కాలేదు.

నవనీతకు ఇరవై రెండేళ్లు. కొత్త పడకల కోసం తవ్వుతున్న సొరంగంలో, కప్పును కర్రతో తట్టి, చప్పుడు విని, బండ గట్టిదో కాదో చెప్పడం దాని పని. ఆ బండే కూలింది. వెంట ఉన్న ఇద్దరూ బయటపడ్డారు. నవనీత ముందుకు పోయి ఉంది. కూలిన రాళ్లకు అవతల చిక్కుకుంది. అవతలి నుంచి కర్రతో తడుతున్న చప్పుడు వినిపిస్తోంది. బతికే ఉంది.

కొమురమ్మ తమ్ముడు రాజేశం బాయిలో సర్దార్, తవ్వేవాళ్లకు పెద్ద. తన జట్టుతో అప్పటికప్పుడు తవ్వకం మొదలుపెట్టాడు. మనిషి బాయిలో తప్పిపోతే, ఆ ఇంటి పెద్ద ఆడమనిషి రోజు ముగిసేదాకా వెతకడం ఆపకూడదని మా ఊరి కట్టుబాటు. ఆమె నడుం వాల్చి కన్ను మూస్తేనే రోజు ముగిసినట్టు. ఎంత తల్లయినా ఒక వంతు ఓర్చుకుంటుంది, రెండు వంతులు ఓర్చుకుంటుంది, ఆ తర్వాత ఒళ్లే ఒరిగిపోతుందని పెద్దలు అనుకొని ఉంటారు. కొమురమ్మ సంగతి వాళ్లకు తెలియదు.

రెండో పడక తర్వాత

పడుకున్నాను గానీ నిద్ర అనలేను. తవ్వే చోటికీ పడక సొరంగాలకూ మధ్య ఒక్క గోడే ఉంది. డ్రిల్లు మొదలైతే పళ్లు జివ్వుమంటాయి. పక్క పడకల్లో పిల్లలు ఉలిక్కిపడి లేచి కూర్చున్నారు. తల్లులు వాళ్ల చెవులు మూసి మళ్లీ పడుకోబెట్టారు.

కొమురమ్మ రాళ్ల దగ్గరే నిలబడి ఉంది. కూర్చోదు. కూర్చుంటే ఒరుగుతానని భయం. పచ్చిమిరపకాయలు కొంగున కట్టుకొని, రెప్ప బరువైనప్పుడల్లా ఒకటి కొరుకుతోంది. అన్నం నేను కలిపి పెడితే నిలబడే తింది. నువ్వు పోయి పండుకో, పనికి పోవాలె కదా, అని నన్నే తరిమింది. మా పెళ్లయినప్పటి నుంచి ఆమె మాటకు ఎదురు చెప్పి గెలిచింది లేదు.

తట్టిన చప్పుడు ఇంకా వస్తోంది. మొదట ఉన్నంత గట్టిగా లేదు.

మూడో పడక తర్వాత

చప్పుడు ఆగిపోయింది.

రాజేశం డ్రిల్లు ఆపించి, అందరినీ ఊపిరి బిగపట్టమని, చెవి బండకు ఆనించి చాలాసేపు విన్నాడు. నేనూ విన్నాను. నీళ్లు కారుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. అలసి నిద్రపోయి ఉంటుంది బావ, అన్నాడు. ఆ మాట నా కోసం అన్నాడో తన కోసం అన్నాడో తెలియదు. మళ్లీ డ్రిల్లు ఎత్తుకున్నాడు.

కొమురమ్మ మాత్రం వినిపిస్తోందంటోంది. "అగో, తడుతంది. మీకు చెవులు లేవా?" అని జట్టు మీద కేకలేసింది. వాళ్లు తలలు వంచుకొని తవ్వారు.

డాక్టర్ నసీమా వచ్చి ఆమె నాడి చూసింది. ఒక సూది వేస్తే పడిపోతుంది కదా అని నేను గొణిగాను. గుండె ఇలా తప్పటడుగులు వేస్తున్నప్పుడు ఆ మందు వేస్తే అది అక్కడే ఆగిపోవచ్చంది. పైగా మందుతో వచ్చేది మత్తే గానీ నిద్ర కాదట. అసలు నిద్రలో మెదడు రోజంతా పోగుచేసుకున్న మురికిని కడుక్కుంటుందట, మనం అంట్లు తోముకున్నట్టు. కొమురమ్మ అంట్లు అన్నీ అలాగే పడి ఉన్నాయంది. మత్తుమందు మాట కొమురమ్మ వింది. అప్పటి నుంచి నా చేతి నీళ్లు తప్ప ఇంకెవరి నీళ్లూ తాగడం లేదు.

నాలుగో పడక తర్వాత

ఊరు చెడుతోంది. లేపరిని కాబట్టి అందరికంటే ముందు నాకే తెలుస్తుంది. ఇదివరకు బొటనవేలు పట్టుకుంటే ఒళ్లు విరుచుకొని, నన్ను నాలుగు తిట్టి లేచేవాళ్లు. ఇప్పుడు నేను పోయేసరికే కళ్లు తెరిచి పైకప్పు చూస్తూ ఉంటున్నారు. తిట్టే ఓపిక కూడా లేదు.

పిల్లల్లో జ్వరాలు మొదలయ్యాయి. మామూలు జలుబు కూడా దిగడం లేదు. ఎవరికో కాలికి చిన్న దెబ్బ తగిలితే అది మానకుండా చీము పట్టింది. గాయం పూడేదీ, పిల్లలు ఎదిగేదీ, జ్వరంతో ఒళ్లు కొట్లాడేదీ నిద్రలోనేనని డాక్టరమ్మ అంటుంది. కోత మిషను నడిపే అతను కళ్లు తెరుచుకొనే కునుకు తీసి గట్టు మీదికి ఎక్కించాడు. అదృష్టం బాగుండి ఎవరూ చావలేదు.

నాకు కోపం వస్తోంది. ఎవరి మీదో తెలియడం లేదు. అద్దాలు పెట్టిన తాతల మీద వస్తుంది. కట్టుబాటు పెట్టిన పెద్దల మీద వస్తుంది. అన్నం కలుపుతున్నప్పుడు కొమురమ్మ మీద కూడా వస్తుంది, వెంటనే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. కూతురి కోసం తల్లి కన్ను మూయకపోతే దాని మీద కోపమేమిటి? నేను మూస్తున్నాను కదా. నాలుగు పడకలు అయ్యాయి నాకు. నాలుగుసార్లు కూతురిని రాళ్ల అవతల వదిలేసి రేపటికి వచ్చాను.

ఊరి పెద్దలు ఇంటికి వచ్చారు. మంచినీళ్లు తాగారు. గోనె సంచులు ఆరిపోయాయని చెప్పి, వాళ్లే తడిపి పోయారు. తవ్వకం ఆపమని అడగడానికే వచ్చారు, ఆ మాట మాత్రం ఎత్తలేదు. ఎత్తి ఉంటే వాళ్లతో కొట్లాడి కాస్త ఊపిరి తీసుకునేవాడిని.

ఐదో పడక తర్వాత

కొమురమ్మ కాలాలు, మనుషులు కలిపేస్తోంది. నన్ను చూసి, పెళ్లికి పిలువనీకి వచ్చినవా అని అడిగింది. కాసేపటికి నన్ను గుర్తుపట్టి సిగ్గుపడింది. చేతులు వణుకుతున్నాయి, మిరపకాయ నోటికి అందడం లేదు. నిలబడే ఒక్క క్షణం కళ్లు తేలేస్తోంది, మళ్లీ తెప్పరిల్లుతోంది. ఒళ్లు దొంగతనంగా నిద్రను లాక్కుంటోందని డాక్టరమ్మ అంది. మరి ఇది పడక కిందికి రాదా అని జట్టులో ఒకతను ఆశగా అడిగాడు. నడుం వాల్చలేదు కదా, రాదు, అని రాజేశమే చెప్పాడు.

ఆమె ఒక పక్కకు తిరిగి నవనీతతో మాట్లాడుతోంది. తల దువ్వుకోలేదేందే అని కోప్పడింది. గాలిలో చెయ్యి పెట్టి జుట్టు చిక్కు తీసింది. ఎంతసేపు తీసిందో. పొడుగు జుట్టు మా అమ్మాయిది, అల్లితే నడుం దాకా వస్తుంది. నేను చూడలేక పైకి వచ్చి గోనె సంచులు తడిపాను. తడిసినవాటినే మళ్లీ తడిపాను.

డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, గుండె ఇక ఎక్కువ తట్టుకోలేదంది. పడుకుంటే బతుకుతుంది, లేకపోతే నిలబడ్డచోటే పోతుంది, మధ్యలో ఇంకో దారి లేదు అంది.

ఆరో పడక తర్వాత

నేను నిద్ర లేచేసరికి రాజేశం చేతికి గుడ్డ చుట్టుకొని నా పడక పక్కన కూర్చొని ఉన్నాడు. గుడ్డంతా నెత్తురు. డ్రిల్లు పట్టుకున్న కుర్రాడు నిద్రమత్తులో జారవిడిస్తే రాయి వచ్చి వేళ్ల మీద పడిందట. రెండు వేళ్లు పోయాయి. అతని ముఖంలో నొప్పి లేదు, వేరే ఏదో ఉంది.

"బావ, నేను తవ్వనని అంటలేను. అక్క పండుకునేదాక తవ్వుత, ఈ చెయ్యి పోతే ఆ చేత్తోని తవ్వుత," అన్నాడు. "కాని అవతల నీళ్లు నిండినయ్. సన్నటి బొక్క పెట్టి చూసినం. కప్పుదాక నీళ్లే ఉన్నయ్. పిల్ల లేదు బావ."

అక్కకు చెప్పావా అని అడిగాను. చెప్పాడట. నీళ్లుంటే ఈత కొడుతది, దానికి ఈత వచ్చు, తవ్వు, అందట.

అతను ఏడ్వలేదు, నేనూ ఏడ్వలేదు. గోడ అవతల డ్రిల్లు మోగుతోంది. పక్క పడకలో ఒక పసిబిడ్డ దగ్గి దగ్గి నీలంగా మారింది. తల్లి దాన్ని భుజాన వేసుకొని నా వైపు చూసింది. నేను ఎన్ని మాటలు రాసినా ఆ చూపు ఈ కాగితం మీదికి రాదు.

లేచి కొమురమ్మ దగ్గరికి పోయాను. దారిలో ఏం చెప్పాలో అనుకోలేదు. ఆమె ముందు నిలబడగానే నోరు దానంతట అదే తెరుచుకుంది.

"దొరికింది," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. నా కళ్లలో నీళ్లున్నాయి, పెదాలు అదురుతున్నాయి. ఆమెకు అవేవీ కనబడలేదు.

"నిజంగనా?"

"దొరికింది. కాలు విరిగింది అంతే. డాక్టరమ్మ కట్టు కట్టింది. ఇప్పుడిప్పుడే పండుకున్నది."

కొమురమ్మ దవాఖాన వైపు రెండడుగులు వేసింది. అక్కడ ఆగి ఆలోచించింది. ఊరందరిలాగే ఆమె కూడా పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి నిద్రలో ఉన్న మనిషిని లేపి ఎరుగదు.

"పండుకున్నదా? అయితె లేపకు," అంది. "నీకు లేపే అలవాటు గదా, పోయి వేలు గుంజేవు. మంచిగ పండుకోనీ."

"లేప," అన్నాను.

"మరి నేను గూడ జరంత నడుం వాలుస్త. అది లేచినంక చెప్పు."

చెయ్యి పట్టుకొని మా పడక దగ్గరికి నడిపించాను. కొంగున మిగిలిన మిరపకాయలు విప్పి నా చేతిలో పెట్టింది. పడక మీద కూర్చుంది. రెండో కాలు పైకి ఎత్తేలోపే నిద్రపోయింది. ఆ కాలు నేను ఎత్తి పెట్టి, దుప్పటి కప్పాను.

తర్వాత పోయి రాజేశానికి చెప్పాను. అక్క రోజు ముగిసిందని. అతను జట్టు వైపు తిరిగి చెయ్యి ఎత్తాడు. డ్రిల్లు ఆగింది.

ఇంకా ఆరో పడకే

అంత నిశ్శబ్దం వినడం మరిచిపోయాను. సొరంగాల్లో కళ్లు తెరుచుకొని పడుకున్న జనం ఒక్కొక్కరే పక్కకు తిరిగారు. దగ్గులు తగ్గాయి. కాసేపటికి ఊరంతా ఒకే గురక. వాళ్ల వంతులు ముగిశాయి, నేను ఎవరినీ లేపలేదు. తర్వాతి వంతువాళ్లు వచ్చి, నిద్రపోతున్నవాళ్ల మధ్యలో ఇరుకుగా సర్దుకున్నారు. పైన వరి ఎదురుచూస్తే చూడనీ.

కొమురమ్మ కదలకుండా పడుకుంది. మొదట ముఖం బిగుసుకొని ఉంది, మెల్లమెల్లగా సడలింది. నోరు కాస్త తెరుచుకుంది. డాక్టరమ్మ వచ్చి నాడి పట్టుకొని, గుండె దారిలో పడుతోంది, బతుకుతుంది, అంది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. దుప్పటి అంచు నోట్లో కుక్కుకొని ఏడ్చాను, ఆమె లేస్తుందని.

నేను చెప్పిన అబద్ధం కొమురమ్మ ఎలా నమ్మింది అని డాక్టరమ్మను అడిగాను. ముప్పై ఏళ్ల కాపురంలో పచ్చడి జాడీ పగలగొట్టి దాచిన సంగతి కూడా నా ముఖం చూసి కనిపెట్టిన మనిషి ఆమె. నసీమా చెప్పింది, నిద్ర లేనివాళ్లు ఎదుటివాళ్ల ముఖాలు చదవలేరట. ఏడుస్తున్నవాడూ నవ్వుతున్నవాడూ ఒకలాగే కనబడతారట. "ఇప్పుడు తృప్తిగా నిద్రపోతంది. లేచేసరికి ఆ చూపు మళ్లొస్తది. నువ్వు నోరు తెరవకముందే ఆమెకు తెలిసిపోతది ఓదెలన్నా. ఏం చెప్పాలె అనేది ఆలోచించుకోకు, వట్టిదే," అంది.

అయినా ఆలోచించాను. పక్కన కూర్చొని రకరకాలుగా అనుకున్నాను. నీ ప్రాణం పోతుందని చెప్పాను అందామనుకున్నాను. ఊళ్లో పసిపిల్లలు చచ్చేట్టున్నారే అందామనుకున్నాను. అన్నీ నిజాలే. ఏ ఒక్కటీ ఒక తల్లి ముందు నిలబడేది కాదు. నీ రోజును దొంగిలించాను కొమురా, అదొక్కటే సరైన మాట.

డాక్టరమ్మ నన్ను కూడా కాస్త పడుకోమంది. పక్కనే చోటు ఉంది. నాకు కళ్లు మండుతున్నాయి, కొమురమ్మ ఇచ్చిన మిరపకాయల్లో ఒకటి కొరికాను. ఎందుకో అప్పుడు తెలియలేదు.

ఇంకా ఆరో పడకే

లేచింది. నేను వేలు పట్టుకోలేదు, తనంత తానే లేచింది. ఎన్ని వంతులు పడుకుందో నేను లెక్క పెట్టలేదు.

కాసేపు పైకప్పు చూసింది. చేతులు చూసుకుంది, వణకడం లేదు. లేచి కూర్చొని నా వైపు తిరిగి ముఖంలోకి చూసింది. ఆ చూపు పాతదే, జాడీ నాటిదే. నేను తల దించుకోలేదు. దించుకుంటే ఇంకో అబద్ధం అవుతుంది. ఆమె కళ్లు నా ముఖం మీద ఒక్కొక్క చోటే ఆగి, చదివి, ముందుకు పోయాయి. ఎక్కడ అర్థమైందో నాకు కనబడింది. అక్కడ ఆమె ఊపిరి తీసుకోవడం ఆపింది. మళ్లీ తీసుకుంది.

నవనీత ఎక్కడ అని అడగలేదు.

"తవ్వుడు ఆపిన్రా?" అంది.

ఆపారని చెప్పాను. రాజేశం వేళ్ల సంగతి, నీళ్ల సంగతి చెప్పాను. వింటూ దుప్పటిని మడత పెట్టింది, విప్పింది, మళ్లీ మడత పెట్టింది. తర్వాత దాన్ని ముఖానికి నొక్కుకొని ఏడ్చింది. గట్టిగా ఏడ్వలేదు. చుట్టూ జనం నిద్రపోతున్నారు. ఒక్క పిల్ల కూడా లేవకుండా, ఒళ్లంతా అదురుతూ ఏడ్చింది. నేను వీపు మీద చెయ్యి వేస్తే విదిలించలేదు. విదిలించి, కొట్టి, నువ్వు చంపినవు అంటే బాగుండు అనిపించింది.

ఎప్పటికో తల ఎత్తి మళ్లీ నా ముఖం చూసింది.

"నువ్వు పండుకోలేదు," అంది.

లేదన్నాను. అప్పుడు అర్థమైంది నాకు మిరపకాయ ఎందుకు కొరికానో. కొమురమ్మ పడుకుంది, రాజేశం పడుకున్నాడు, ఊరు పడుకుంది. అందరికీ రోజు మారింది. మా అమ్మాయిని వెతుకుతున్న రోజు నా ఒక్కడి దగ్గరే మిగిలింది. మా ఇంట్లో ఇంకెవరి దగ్గరా లేదు. కట్టుబాటు ప్రకారం నా రోజుకు విలువ లేదని తెలుసు, నేను పడుకోకపోతే ఒక్క రాయి కూడా ఎవరూ తీయరని తెలుసు. అయినా కన్ను మూయడానికి ఒప్పుకోలేకపోతున్నాను. ఆరుసార్లు హాయిగా మూశాను. ఈసారి మూస్తే పిల్ల నిజంగా పోతుంది.

ఇదంతా ఆమెకు చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను. ఆమె పడక మీద కూర్చొని నేను రాయడం చూస్తోంది. ఇందాకటి నుంచి ఒకటే మాట అంటోంది, కోపంగా కాదు, బతిమాలినట్టు.

"నేనొక్కదాన్నే వచ్చిన రేపటికి. ఇక్కడ ఎవ్వరు లేరు. నువ్వు గూడ రా."

గోడ వైపు జరిగి నాకు చోటు చేసింది. నా వల్ల కావడం లేదు, అయినా పోతున్నాను.